మారథాన్ ఆఫ్ హోప్

మారథాన్ ఆఫ్ హోప్ అనేది క్యాన్సర్ పరిశోధనకు నిధులు సేకరించే ఉద్దేశంతో 1980వ సంవత్సరంలో కెనడా దేశంలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు చేసిన సుదీర్ఘమైన పరుగు. ఈ పేరును తెలుగులో "ఆశా పరుగు" అని చెప్పుకోవచ్చు. ఎముక క్యాన్సర్ కారణంగా కుడికాలును కోల్పోయిన టెర్రీ ఫాక్స్, కృత్రిమ కాలుతో దేశపు తూర్పు తీరం నుండి పడమటి తీరం వరకు పరుగెత్తాలని సంకల్పించి, 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ సముద్రతీరాన బయలుదేరాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పూర్తిచేసిన తరువాత, క్యాన్సర్ ఊపిరితిత్తులకు వ్యాపించడంతో సెప్టెంబరు 1న ఒంటారియో రాష్ట్రంలోని థండర్ బే నగరం వద్ద పరుగు ఆపవలసి వచ్చింది. పరుగు గమ్యం చేరకపోయినా నిధుల లక్ష్యం మాత్రం నెరవేరింది. ఇతడి పేరుతో ఏటా జరిగే టెర్రీ ఫాక్స్ పరుగు, ఒక వ్యాధిపై పరిశోధన కోసం సామాన్య ప్రజలు విరాళాలు పోగుచేసే పెద్ద కార్యక్రమాలలో ఒకటిగా ప్రపంచమంతటా పేరుపొందింది.

క్లుప్తంగా

పరుగు ప్రారంభం: 1980 ఏప్రిల్ 12, సెయింట్ జాన్స్ (న్యూఫౌండ్‌లాండ్)
పరుగు ముగింపు: 1980 సెప్టెంబరు 1, థండర్ బే సమీపం (ఒంటారియో)
పరుగెత్తిన దూరం: 5,373 కి.మీ. (3,339 మైళ్ళు)
రోజులు: 143
దాటిన రాష్ట్రాలు: న్యూఫౌండ్‌లాండ్, నోవా స్కోషియా, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం, న్యూ బ్రన్స్‌విక్, క్విబెక్, ఒంటారియో (కొంత భాగం)
నిధుల లక్ష్యం: కెనడా పౌరుడు ఒక్కొక్కరికి ఒక డాలరు చొప్పున
1981 ఫిబ్రవరి 1 నాటికి సమకూడిన మొత్తం: 2 కోట్ల 41 లక్షల డాలర్లకు పైగా

టెర్రీ ఫాక్స్ బాల్యము, విద్య

టెర్రీ ఫాక్స్ పూర్తి పేరు టెరెన్స్ స్టాన్లీ ఫాక్స్. ఇతడు 1958 జూలై 28న మానిటోబా రాష్ట్ర రాజధాని అయిన విన్నిపెగ్ నగరంలో జన్మించాడు. తండ్రి రోలండ్ ఫాక్స్ కెనడియన్ నేషనల్ రైల్వేలో ఉద్యోగి. తల్లి బెట్టీ ఫాక్స్. వీరి నలుగురు సంతానంలో టెర్రీ రెండవవాడు. అన్న ఫ్రెడ్, తమ్ముడు డారెల్, చెల్లెలు జూడిత్. 1966లో ఈ కుటుంబం పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి తరలివెళ్ళి, 1968 నుండి పోర్ట్ కొక్విట్లాం పట్టణంలో స్థిరపడింది.

టెర్రీకి చిన్ననాటి నుండి ఆటలపై మక్కువ. బాస్కెట్‌బాల్ ఆటగాడు కావాలని ఉన్నా, ఎత్తు తక్కువ కావడం వలన పాఠశాలలో మొదట జట్టులో ఆడే అవకాశం పెద్దగా రాలేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు అతడిని దూరపు పరుగు పందేల వైపు మళ్ళించాడు. పరుగుపై అంత ఇష్టం లేకపోయినా, ఉపాధ్యాయుని మాటపై గౌరవంతో టెర్రీ అందులో చేరాడు. బాస్కెట్‌బాల్‌ను మాత్రం వదలలేదు. పట్టుదలతో సాధన చేసి, పాఠశాల చివరి సంవత్సరంలో తన మిత్రుడు డగ్ ఆల్వర్డ్‌తో కలిసి ఉత్తమ క్రీడాకారుని బహుమతిని పంచుకున్నాడు. తరువాత సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో శరీర కదలికల శాస్త్రం చదువుతూ, అక్కడి జూనియర్ బాస్కెట్‌బాల్ జట్టులో స్థానం సంపాదించాడు. వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలన్నది అతడి అప్పటి ఆశయం.

వ్యాధి, శస్త్రచికిత్స

1976 నవంబరులో టెర్రీ నడుపుతున్న కారు ఒక ట్రక్కును వెనుక నుండి ఢీకొన్నది. కుడి మోకాలికి చిన్న దెబ్బ తగిలింది. ఆ తరువాత మోకాలిలో వచ్చిన నొప్పిని, బాస్కెట్‌బాల్ పోటీలు ముగిసేవరకు పట్టించుకోలేదు. 1977 మార్చిలో నొప్పి తీవ్రం కాగా ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ అతడికి ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. కారు ప్రమాదం వలన మోకాలు బలహీనపడి వ్యాధి వచ్చిందని టెర్రీ నమ్మినా, ఆ రెండింటికీ సంబంధం లేదని వైద్యులు చెప్పారు.

ఆస్టియోసార్కోమా ఎక్కువగా పిల్లలలో, కౌమారంలో, ఎముకలు వేగంగా పెరిగే వయస్సులో వస్తుంది. మోకాలి చుట్టుపక్కల ఎముకలలో కనిపించడం సాధారణం. రక్తం ద్వారా ముందుగా ఊపిరితిత్తులకు పాకే స్వభావం దీనికి ఉంది. ఆ రోజులలో కాలిని తొలగించడమే ప్రధాన చికిత్స. 1977 మార్చి 9న టెర్రీ కుడికాలును మోకాలికి సుమారు 15 సెంటీమీటర్ల పైభాగాన తొలగించారు. అప్పటికి అతడి వయస్సు 18 ఏళ్ళు.

శస్త్రచికిత్సకు ముందురోజు రాత్రి, పాఠశాలలో తనకు బాస్కెట్‌బాల్ శిక్షణ ఇచ్చిన వ్యక్తి ఒక పత్రికను తెచ్చి ఇచ్చాడు. కృత్రిమ కాలుతో న్యూయార్క్ మారథాన్‌ను పూర్తిచేసిన డిక్ ట్రామ్‌ను గురించిన వ్యాసం అందులో ఉంది. దేశాన్ని దాటే పరుగు అనే ఆలోచనకు ఈ వ్యాసమే బీజం వేసింది.

సంకల్పానికి కారణాలు

శస్త్రచికిత్స తరువాత టెర్రీకి 16 నెలల పాటు కీమోథెరపీ చికిత్స జరిగింది. చికిత్సకు వెళ్ళినప్పుడల్లా తన వయస్సువారు, తనకంటే చిన్నవారు బాధపడడం, కొందరు మరణించడం అతడు చూశాడు. వారిని అక్కడే వదలి తన దారి తాను చూసుకోవడం అతడికి సమ్మతం కాలేదు.

వైద్యులు చెప్పిన ఒక విషయం అతడి ఆలోచనను ప్రభావితం చేసింది. కీమోథెరపీతో అతడు బ్రతికే అవకాశం నూటికి 50 పాళ్ళు ఉంది. అదే రోగికి రెండేళ్ళ క్రితం ఆ అవకాశం నూటికి 15 పాళ్ళు మాత్రమే. ఈ తేడాకు కారణం పరిశోధన అనీ, పరిశోధనకు కావలసినది ధనమనీ టెర్రీ గ్రహించాడు. ప్రజలు క్యాన్సర్ రోగులపై జాలి చూపినంతగా పరిశోధనకు డబ్బు ఇవ్వడం లేదని అతడికి తోచింది. ఆ డబ్బును తానే కూడబెట్టాలని నిశ్చయించుకున్నాడు.

సాధన

చికిత్స పొందుతున్న కాలంలోనే రిక్ హాన్సెన్ అనే క్రీడాకారుని ఆహ్వానంపై టెర్రీ చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ జట్టులో చేరాడు. ఆ జట్టుతో కలిసి మూడుసార్లు జాతీయ విజేతగా నిలిచాడు. పరుగు సాధనను 1979లో ప్రారంభించాడు. మొదట్లో అర మైలు పరుగెత్తడమే కష్టమయ్యేది. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాడు. చివరకు వంద రోజులకు పైగా, రోజుకు సుమారు 37 కి.మీ. వంతున పరుగెత్తగలిగాడు. తల్లి కోరిక మేరకు క్రిస్మస్ నాడు ఒక్కరోజు మాత్రం విశ్రాంతి తీసుకున్నాడు.

కృత్రిమ కాలుతో అతడు పరుగెత్తిన తీరును ఇక్కడ వివరించవలసి ఉంది. నాటి కృత్రిమ కాళ్ళు నడకకు ఉద్దేశించినవే గాని పరుగుకు కావు. ఒక అడుగు వేసిన తరువాత దానిలోని స్ప్రింగు తిరిగి యథాస్థితికి వచ్చేందుకు కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో టెర్రీ తన ఎడమకాలిపై ఒకసారి అదనంగా గెంతేవాడు. ఆ విధంగా కృత్రిమ కాలి ఒక్కొక్క అడుగుకు మంచికాలు రెండు అడుగులు వేయవలసి వచ్చేది. శరీరభారం పడినప్పుడల్లా తొడ చివరి భాగం కృత్రిమ కాలి గిన్నెలో ఒరుసుకొని బొబ్బలు, పుండ్లు ఏర్పడేవి. రక్తం కారడం కూడా జరిగేది. మొదటి 20 నిముషాలు గడిస్తే నొప్పి భరించదగినంతకు వస్తుందని అతడు అనుభవం మీద తెలుసుకున్నాడు.

1979 సెప్టెంబరు ప్రారంభంలో బ్రిటిష్ కొలంబియాలోని ప్రిన్స్ జార్జ్ పట్టణంలో జరిగిన 27 కి.మీ. పందెంలో టెర్రీ పాల్గొన్నాడు. తన ముందువాని కంటే పది నిముషాలు ఆలస్యంగా, అందరికంటే చివర వచ్చాడు. అక్కడివారు కన్నీళ్ళతో, కరతాళధ్వనులతో అతడిని స్వాగతించారు. ఈ పందెం తరువాతనే అతడు దేశాన్ని దాటాలన్న తన పూర్తి ఆలోచనను ఇంట్లో బయటపెట్టాడు. కుమారుని ఆరోగ్యాన్ని తలచి తల్లి మొదట వద్దన్నది. పిమ్మట ఆమె మనస్సు మార్చుకొని అండగా నిలిచింది.

ఏర్పాట్లు

1979 అక్టోబరు 15న టెర్రీ కెనడా క్యాన్సర్ సంఘానికి లేఖ వ్రాసి తన ఉద్దేశాన్ని తెలిపాడు. సంఘంవారు మొదట సందేహించారు. ముందుగా కొందరు దాతలను సంపాదించుకొమ్మనీ, గుండె వైద్యుని నుండి ధ్రువపత్రం తెమ్మనీ కోరారు. పరీక్షలలో టెర్రీ గుండె పరిమాణం కొంత పెరిగి ఉన్నట్లు తేలింది. ఇబ్బంది కలిగితే వెంటనే ఆపివేస్తానని మాట ఇచ్చిన మీదట వైద్యులు అంగీకరించారు.

ఫోర్డ్ సంస్థ నివాసయోగ్యమైన వ్యాను, ఇంపీరియల్ ఆయిల్ సంస్థ ఇంధనం, అడిడాస్ సంస్థ బూట్లు సమకూర్చాయి. తమ వస్తువులకు ప్రచారం చేయవలసిందిగా కోరిన సంస్థల సహాయాన్ని మాత్రం టెర్రీ తిరస్కరించాడు. ఈ పరుగు వలన ఎవరూ లాభం పొందకూడదన్నది అతడి నియమం. ఈ నియమమే తరువాతి కాలంలో టెర్రీ ఫాక్స్ పరుగుకు మూలసూత్రమైంది.

మొదట పది లక్షల డాలర్లు సేకరించాలనుకున్న టెర్రీ ఆ లక్ష్యాన్ని కోటి డాలర్లకు పెంచాడు. చివరకు నాటి కెనడా జనాభా 2 కోట్ల 40 లక్షల మందికి తలకొక డాలరు అన్నది లక్ష్యంగా పెట్టుకున్నాడు.

పరుగు

న్యూఫౌండ్‌లాండ్ నుండి క్విబెక్ వరకు

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ వద్ద టెర్రీ తన కృత్రిమ కాలును అట్లాంటిక్ నీటిలో ముంచి పరుగు ప్రారంభించాడు. రెండు సీసాలలో సముద్రజలం నింపుకున్నాడు. ఒకటి జ్ఞాపకార్థం దాచుకోవడానికి, రెండవది పడమటి తీరంలోని విక్టోరియా చేరినప్పుడు పసిఫిక్ సముద్రంలో పోయడానికి. వ్యాను నడపడం, వంట చేయడం డగ్ ఆల్వర్డ్ చూసుకున్నాడు.

రోజుకు 42 కి.మీ., అంటే దాదాపు ఒక పూర్తి మారథాన్ దూరం, పరుగెత్తడం టెర్రీ లక్ష్యం. మారథాన్ పందెం దూరం 42.195 కి.మీ. ఆరోగ్యవంతులైన క్రీడాకారులే ఒక మారథాన్ తరువాత కొన్ని వారాలు విశ్రమిస్తారు. మొత్తం 143 రోజుల దూరాన్ని సగటు చేస్తే రోజుకు 37 కి.మీ.కి పైగా వస్తుంది.

తొలి రోజులలోనే పెనుగాలులు, కుండపోత వర్షం, మంచు తుఫాను ఎదురయ్యాయి. చాలాచోట్ల జనస్పందన అంతంతమాత్రంగా ఉండి టెర్రీకి నిరుత్సాహం కలిగింది. అయితే సుమారు పదివేల జనాభా గల పోర్ట్ ఓ బాస్క్ అనే పట్టణవాసులు పదివేల డాలర్లకు మించి విరాళమివ్వడం అతడికి ధైర్యాన్నిచ్చింది. ఇరుకైన వ్యానులో రాత్రింబవళ్ళు కలిసి గడిపిన మిత్రులిద్దరికీ అలసట వలన తగవులు వచ్చాయి. నోవా స్కోషియా చేరేసరికి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం దాదాపు మానివేశారు. న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్ వద్ద 17 ఏళ్ళ తమ్ముడు డారెల్ వచ్చి చేరాక పరిస్థితి చక్కబడింది. (సెయింట్ జాన్, సెయింట్ జాన్స్ రెండూ వేరువేరు నగరాలని గమనించాలి.)

క్విబెక్ రాష్ట్ర ప్రజలలో అధికులు ఫ్రెంచి మాట్లాడేవారు. టెర్రీ బృందానికి ఆ భాష రాదు. పరుగు సంగతి అక్కడ చాలామందికి తెలియనే లేదు. రద్దీ రహదారిపై వాహనాలు అతడిని పక్కకు నెట్టినంత పని చేశాయి. జూన్ 22న మాంట్రియల్ చేరేసరికి మొత్తం దారిలో మూడవవంతు పూర్తయింది. అప్పటికి వచ్చిన విరాళాలు రెండు లక్షల డాలర్లు మాత్రమే.

ఒంటారియోలో

ఫోర్ సీజన్స్ హోటళ్ళ అధిపతి ఇసడోర్ షార్ప్ ఈ పరుగు గురించి తెలుసుకున్నాడు. అతడి కుమారుడు 1978లో క్యాన్సర్‌తో మరణించాడు. టెర్రీ బృందానికి తన హోటళ్ళలో వసతి కల్పించి, పరుగెత్తిన ప్రతి మైలుకు రెండు డాలర్లు ఇస్తానని షార్ప్ ప్రకటించాడు. మరో వెయ్యి సంస్థలను కూడా అదే విధంగా ఇవ్వవలసిందిగా కోరాడు. నిరుత్సాహంతో ఉన్న టెర్రీకి ఇది కొత్త ఊపు నిచ్చింది.

జూన్ నెలాఖరున ఒంటారియోలో ప్రవేశించినప్పుడు బ్యాండు మేళంతో స్వాగతం లభించింది. రహదారి పొడవునా జనం నిలబడ్డారు. రాష్ట్ర పోలీసులు రక్షణగా వెంట నడిచారు. జూలై 1న కెనడా దినోత్సవం నాడు రాజధాని ఒట్టావాలో జరిగిన ఫుట్‌బాల్ పోటీలో బంతిని తన్ని ఆటను ప్రారంభించవలసిందిగా టెర్రీని ఆహ్వానించారు. 16,000 మంది ప్రేక్షకులు లేచి నిలబడి అభినందించారు. ప్రధానమంత్రి పియరీ ట్రూడో, గవర్నర్ జనరల్ ఎడ్వర్డ్ ష్రేయర్‌లను అతడు కలుసుకున్నాడు. జూలై 11న టొరంటో నగరంలో పదివేల మంది గుమికూడారు. ఆ ఒక్కరోజు లక్ష డాలర్లు వచ్చాయి. మంచు హాకీ ఆటగాడు డారిల్ సిట్లర్ తన ఆల్‌స్టార్ చొక్కాను బహూకరించాడు. మరో ప్రముఖ ఆటగాడు బాబీ ఓర్ 25,000 డాలర్ల చెక్కును అందజేశాడు.

కీర్తితో పాటు శ్రమ కూడా పెరిగింది. దారిలోని ప్రతి ఊరివారు సభలలో మాట్లాడమని కోరేవారు. టెర్రీ కాదనేవాడు కాదు. అందువలన విశ్రాంతి తగ్గింది. జూలై 28న తన 22వ పుట్టినరోజున కూడా పరుగు మానలేదు. తొడపై తిత్తులు, మోకాలి వాపు, తల తిరగడం అతడిని బాధించాయి. చీలమండ నొప్పిని మూడు రోజులు ఓర్చుకొని పరుగెత్తిన తరువాత గాని వైద్యుని వద్దకు వెళ్ళలేదు. అది ఎముక విరుగుడు కాదు, స్నాయువు వాపు అని తెలిసి మందులతో ముందుకు సాగాడు. ఈ కాలంలో అతడు క్రమంగా వైద్య పరీక్షలు చేయించుకోకపోవడంపై కొందరు విమర్శించారు. టెర్రీ మాత్రం తన శరీరం సంగతి తనకు తెలుసునని సమాధానమిచ్చేవాడు.

ఒంటారియోలోని టెరేస్ బే వద్ద, తనవలెనే ఎముక క్యాన్సర్ వలన కాలు పోగొట్టుకున్న పదేళ్ళ బాలుడు టెర్రీని కలిశాడు. ఇద్దరూ కలిసి సరస్సులో ఈదారు. మరునాడు టెర్రీ పరుగెత్తుతుండగా బాలుడు సైకిలుపై వెంట వచ్చాడు. మొత్తం ప్రయాణంలో తనకు అన్నిటికంటే ఉత్తేజం కలిగించిన రోజు అదేనని టెర్రీ చెప్పుకున్నాడు.

థండర్ బే

ఆగస్టు నెలాఖరుకు ఉదయం పరుగు మొదలుకాక ముందే అలసిపోతున్నానని టెర్రీ అనసాగాడు. సెప్టెంబరు 1న థండర్ బే సమీపంలో తీవ్రమైన దగ్గు, ఛాతీలో నొప్పి కలిగాయి. దారి పక్కన ప్రజలు ఉత్సాహపరుస్తుండడంతో వారి ఎదుట ఆగలేక, జనం కనిపించనంత దూరం వరకు పరుగు కొనసాగించాడు. ఆ తరువాత వ్యాను ఎక్కి, ఆసుపత్రికి తీసుకువెళ్ళమని ఆల్వర్డ్‌ను కోరాడు. తన చివరి పరుగు అదేనేమో అన్న భయం అప్పటికే అతడి మనస్సులో ఉంది.

మరునాడు విలేకరుల సమావేశంలో, క్యాన్సర్ తిరగబెట్టి ఊపిరితిత్తులకు వ్యాపించిందని కన్నీళ్ళతో ప్రకటించాడు. అప్పటికి దారిలో దాదాపు మూడింట రెండు వంతులు పూర్తయింది. అప్పటివరకు సమకూడినది 17 లక్షల డాలర్లు. మిగిలిన దూరాన్ని తాము పూర్తిచేస్తామని పలువురు ముందుకు వచ్చినా, కోలుకున్న తరువాత తానే పూర్తిచేస్తానని టెర్రీ మర్యాదగా నిరాకరించాడు.

నిధుల సేకరణ

పరుగు ఆగిన వారం రోజులలో సీటీవీ అనే టెలివిజన్ సంస్థ దేశవ్యాప్తంగా ఐదు గంటల కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. దీని ద్వారా 1 కోటి 5 లక్షల డాలర్లు వచ్చాయి. బ్రిటిష్ కొలంబియా, ఒంటారియో ప్రభుత్వాలు చెరి పది లక్షల డాలర్లు ప్రకటించాయి. శీతాకాలమంతా విరాళాలు వస్తూనే ఉన్నాయి. 1981 ఫిబ్రవరి 1 నాటికి మొత్తం 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది. దేశ జనాభా కూడా అప్పటికి 2 కోట్ల 41 లక్షలే. తలకొక డాలరు అన్న లక్ష్యం ఆ విధంగా టెర్రీ జీవించి ఉండగానే నెరవేరింది.

మరణం

1980 సెప్టెంబరులో టెర్రీకి కెనడా దేశపు అత్యున్నత పౌర పురస్కారాలలో ఒకటైన ఆర్డర్ ఆఫ్ కెనడా, అందులోని కంపానియన్ హోదా లభించింది. అప్పటివరకు ఆ హోదా పొందినవారిలో అతడే అతి పిన్నవయస్కుడు. ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారునికి ఇచ్చే లూ మార్ష్ బహుమతి కూడా అతడికే దక్కింది. ఉత్తరాలు వేలాదిగా వచ్చాయి. పోప్ రెండవ జాన్ పాల్ అతడి కోసం ప్రార్థిస్తున్నట్లు తంతి పంపాడు.

కీమోథెరపీతో పాటు అప్పటికి ప్రయోగదశలో ఉన్న ఇంటర్‌ఫెరాన్ మందును వాడినా వ్యాధి తగ్గలేదు. 1981 జూన్‌లో న్యుమోనియా సోకి, జూన్ 28 తెల్లవారుజామున న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లోని రాయల్ కొలంబియన్ ఆసుపత్రిలో, కుటుంబసభ్యుల నడుమ టెర్రీ మరణించాడు. 23వ పుట్టినరోజుకు సరిగ్గా నెల రోజుల వ్యవధి మాత్రమే ఉంది. దేశమంతటా జాతీయ పతాకాలను అవనతం చేశారు. సాధారణంగా రాజనీతిజ్ఞులకు మాత్రమే దక్కే గౌరవమిది. పోర్ట్ కొక్విట్లాం శ్మశానవాటికలో అతడిని ఖననం చేశారు.

టెర్రీ ఫాక్స్ పరుగు

ఏటా ఒక పరుగు జరపాలన్న ఆలోచనను ఇసడోర్ షార్ప్ టెర్రీ ఆసుపత్రిలో ఉన్నప్పుడే తంతి ద్వారా తెలిపాడు. టెర్రీ అందుకు అంగీకరిస్తూ కొన్ని నియమాలు కోరాడు. వాటిలో ముఖ్యమైనవి:

ఇది పందెం కాదు. గెలుపు ఓటములు, బహుమతులు, కాలపు లెక్కలు ఉండవు.
పరుగెత్తవచ్చు, నడవవచ్చు, సైకిలుపై లేక చక్రాల కుర్చీలో రావచ్చు.
పాల్గొనడానికి నిర్ణీత రుసుము లేదు. ఎవరి శక్తికొలది వారు విరాళం ఇవ్వవచ్చు, సేకరించవచ్చు.
ఏ సంస్థా దీనిని తన వ్యాపార ప్రచారానికి వాడుకోరాదు.

మొదటి పరుగు 1981 సెప్టెంబరు 13న జరిగింది. మూడు లక్షల మందికి పైగా పాల్గొని 35 లక్షల డాలర్లు సేకరించారు. నాటి నుండి కెనడాలో ఏటా సెప్టెంబరులో ఇది జరుగుతున్నది. పాఠశాలలలోనూ విడిగా పరుగు నిర్వహిస్తారు కనుక అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా టెర్రీ ఫాక్స్ పేరు సుపరిచితమే. కెనడా వెలుపల క్యూబాలో జరిగే పరుగు చాలా పెద్దదిగా పేరుపొందింది. భారతదేశంలో ముంబై, చెన్నై నగరాలలో ఈ పరుగు జరిగింది. చెన్నైలో 2009 నుండి మద్రాసు ఐఐటీ ప్రాంగణం దీనికి వేదిక అయింది.

మొదట కెనడా క్యాన్సర్ సంఘం ఆధ్వర్యంలో ఉన్న ఈ కార్యక్రమాన్ని 1988 నుండి టెర్రీ ఫాక్స్ ఫౌండేషన్ స్వతంత్రంగా నిర్వహిస్తున్నది. 2007లో టెర్రీ ఫాక్స్ పరిశోధన సంస్థ ఏర్పడింది. ఇతడి పేరుమీద ఇప్పటివరకు సమకూడిన మొత్తం 85 కోట్ల కెనడా డాలర్లను మించింది. తల్లి బెట్టీ ఫాక్స్ 2011లో మరణించేవరకు ఊరూరా తిరిగి పాఠశాలలలో ప్రసంగిస్తూ, కుమారుని పేరు వ్యాపారానికి ఉపయోగపడకుండా కాపాడింది. 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒలింపిక్ పతాకాన్ని మోసినవారిలో ఆమె ఒకరు. తండ్రి రోలండ్ 2016లో మరణించాడు.

వైద్యరంగంలో మార్పు

టెర్రీకి వచ్చిన వ్యాధి చికిత్సలో నేడు గణనీయమైన మార్పు వచ్చింది. శస్త్రచికిత్సకు ముందు, తరువాత కూడా కీమోథెరపీ ఇవ్వడం వాడుకలోకి వచ్చింది. అధిక సంఖ్యాకులలో కాలు మొత్తాన్ని తొలగించకుండా, వ్యాధి సోకిన ఎముక భాగాన్ని మాత్రమే తీసివేసి, లోహపు భాగాన్ని గాని మరో ఎముకను గాని అమర్చగలుగుతున్నారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకకముందే గుర్తించిన సందర్భాలలో నూటికి 60 నుండి 70 మంది ఐదేళ్ళకు మించి జీవిస్తున్నారు. అయితే ఊపిరితిత్తులకు పాకిన తరువాత చికిత్స నేటికీ కష్టసాధ్యమే. ఎదిగే పిల్లలలో మోకాలి వద్ద వారాల తరబడి తగ్గని నొప్పి, రాత్రివేళ పెరిగే నొప్పి, వాపు కనిపిస్తే ఆటలలో తగిలిన దెబ్బగా భావించి ఊరుకోకుండా వైద్యునికి చూపించడం అవసరం.

ఇతరులపై ప్రభావం

పన్నెండేళ్ళ వయస్సులో క్యాన్సర్ వలన ఎడమకాలు కోల్పోయిన స్టీవ్ ఫోన్యో అనే కెనడా యువకుడు 1984లో సెయింట్ జాన్స్ నుండి బయలుదేరి, 1985 మే నెలలో విక్టోరియా చేరాడు. టెర్రీ తలపెట్టిన తీరం నుండి తీరానికి పరుగును అతడు పూర్తిచేశాడు. టెర్రీని చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌కు పిలిచిన రిక్ హాన్సెన్ 1985 నుండి 1987 వరకు చక్రాల కుర్చీలో 34 దేశాల గుండా 40,000 కి.మీ. ప్రయాణించి, వెన్నుపాము గాయాలపై పరిశోధనకు 2 కోట్ల 60 లక్షల డాలర్లు సేకరించాడు.

మారథాన్ పరుగు ద్వారా క్యాన్సర్ సంస్థలకు నిధులు సేకరించే పద్ధతి అదే దశాబ్దంలో ఇతర దేశాలలోనూ వ్యాపించింది. 1988లో అమెరికాలో రక్తక్యాన్సర్ పరిశోధన కోసం 38 మంది బృందంగా న్యూయార్క్ మారథాన్‌లో పరుగెత్తి 3,22,000 డాలర్లు సేకరించారు. దీని నుండి "టీమ్ ఇన్ ట్రైనింగ్" అనే పెద్ద కార్యక్రమం రూపొందింది. బ్రిటన్‌లో 1994లో మహిళల కోసం "రేస్ ఫర్ లైఫ్" మొదలైంది. భారతదేశంలో 2004లో ప్రారంభమైన ముంబై మారథాన్ ద్వారా కూడా పలు స్వచ్ఛంద సంస్థలు నిధులు పొందుతున్నాయి. ఈ కార్యక్రమాలలో చాలావాటికి ప్రవేశ రుసుము, ప్రాయోజక సంస్థలు ఉంటాయి. టెర్రీ ఫాక్స్ పరుగు వీటిని వద్దనుకోవడం దాని ప్రత్యేకత.

స్మారకాలు, గౌరవాలు

థండర్ బే, నిపిగాన్ పట్టణాల మధ్య రహదారికి 1981లో "టెర్రీ ఫాక్స్ ధైర్య రహదారి" అని పేరు పెట్టారు. పరుగు ఆగిన ప్రదేశానికి సమీపంలో 1982లో అతడి కంచు విగ్రహాన్ని నెలకొల్పారు.
బ్రిటిష్ కొలంబియాలోని రాకీ పర్వతాలలో ఒక శిఖరానికి ఇతడి పేరు పెట్టారు.
1982లో కెనడా తపాలాశాఖ స్మారక తపాలాబిళ్ళ విడుదల చేసింది. మరణించిన పదేళ్ళ తరువాత గాని ఎవరి పేరునా బిళ్ళ వేయకూడదన్న సంప్రదాయాన్ని ఇతడి విషయంలో సడలించారు.
అతడు చదివిన పోర్ట్ కొక్విట్లాం పాఠశాలకు టెర్రీ ఫాక్స్ సెకండరీ స్కూల్ అని పేరు మార్చారు.
1983లో "ది టెర్రీ ఫాక్స్ స్టోరీ" అనే చలనచిత్రం వచ్చింది.
2004లో కెనడా ప్రజలు "మహోన్నత కెనడియన్" ఎంపికలో టామీ డగ్లస్ తరువాత ఇతడికి రెండవ స్థానం ఇచ్చారు.
2005లో ఇతడి బొమ్మతో ఒక డాలరు నాణెం వెలువడింది. చలామణీ నాణెంపై కనిపించిన మొదటి కెనడా జాతీయుడు ఇతడే.
2024 డిసెంబరులో, కొత్త ఐదు డాలర్ల నోటుపై టెర్రీ ఫాక్స్ చిత్రాన్ని ముద్రించనున్నట్లు కెనడా ప్రభుత్వం ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

క్యాన్సర్
కీమోథెరపీ
మారథాన్
కృత్రిమ అవయవాలు
కెనడా